నీడ నడుమ గీత

కళ్ళు మూసుకుని ఊరికే కూర్చోవడం కూడా ఒక పనేనంటే ఎవరూ నమ్మరు. కానీ చీకటికి కన్ను అలవాటు పడేదాకా ప్రయోగం మొదలుపెట్టకూడదని ఏనాడో గుంటూరు కాలేజీలో ఫిజిక్స్ మేడం చెప్పింది గనక, ప్రేమమణి పడమటి గదిలో బీరువా ఎదురుగా పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, సండేస్కూలు పిల్లలా బుద్ధిగా కళ్ళు మూసుకుని కూర్చుంది. బయట మారేడ్‌పల్లి మీద ఏప్రిల్ ఎండ చిటపటలాడుతోంది. లోపల మాత్రం, కిటికీకి దుప్పటి కప్పి, దుప్పటి మీద మొగుడి నల్లకోటు తగిలించి, తలుపు కింద సందులో పాత తువ్వాలు కుక్కాక, ఎవరూ అడగని ఒక చిన్న రాత్రి తయారైంది. ఫ్యాను ఆపేసింది. ఫ్యాను తిరిగితే బీరువా తలుపుకి పిన్నీసులతో గుచ్చిన తెల్లచీర ఊగుతుంది, చీర ఊగితే దాని మీద పడే గీతలు చెదిరిపోతాయి. చెమట మెడ వెనక బయల్దేరి, రిజర్వేషన్ ఉన్న ప్రయాణికుడిలా నింపాదిగా, వీపు దాకా వెళ్తోంది.

వాళ్ళది ఇద్దరు మనుషుల ఇల్లు. కూతురు మేబెల్ పెళ్ళయి కాజీపేట వెళ్ళిపోయింది. మిగిలిన ఇద్దరిలో ఒకరైన దేవానందం, రైల్వేలో టి.సి., ఈ రోజు గుడ్ ఫ్రైడే కాబట్టి కోటు వదిలి తెల్లబట్టలు కట్టుకుని, సందు చివర చర్చిలో మూడు గంటల ఆరాధనకి వెళ్ళాడు. రెండో మనిషి తలనొప్పని ఉండిపోయింది. తలనొప్పి అబద్ధం. ఆ అబద్ధం మీద దేవానందం తెచ్చిచ్చిన మాత్ర మాత్రం నిజం. మాత్ర మింగలేదు గానీ దాని రేకు బాగా పనికొచ్చింది. రేకుని సాపు చేసి, సన్నసూదితో ఒక్క పోటు పొడిచి, కోటుకి పై బొత్తాం పెట్టుకునే కాజా వెనక పెట్టి కుట్టేసింది. దుప్పటికి అక్కడ ముందే ఒక చిరుగు ఉంది, కొత్తగా చింపాల్సిన పాపం కలగలేదు. కిటికీ అవతల గట్టు మీద, చపాతీ పిండి ముద్దలో గుచ్చి నిలబెట్టిన చేతి అద్దం ఎండని పట్టి ఈ కాజాలోకి తోస్తుంది. సూదిబెజ్జంలోంచి వచ్చిన వెలుగు గది దాటుకుని చీర మీద పడుతుంది. దారిలో, కుట్టుమిషను మీద, ఇంకో పిండి ముద్దలో, అంచు వెలుగుకేసి తిరిగి నిటారుగా నిలబడి ఉంది ఒక పాత రైలు టికెట్టు. అట్ట టికెట్టు. ఇప్పుడు కంప్యూటర్లో వచ్చే పల్చటి కాగితం కాదు, వేలితో మీటితే టక్కుమనే రకం. ఉపవాసం రోజున ఇంత చపాతీ పిండి కలిపిన ఆడది సికిందరాబాదు మొత్తం మీద తానొక్కతే అయి ఉంటుందని ఆమెకి నవ్వొచ్చింది. చీకట్లో నవ్వితే ఆ నవ్వు ఎవరిదో అనిపిస్తుంది. ఆపేసింది.

చర్చి మైకు లోంచి కీర్తన వినిపిస్తోంది. అంటే మూడో మాట మీద ప్రసంగం అయిపోయింది. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలకీ ఏడు ప్రసంగాలు, ఏడు పాఠాలు. నాలుగో మాట ముందు పాఠం చదవాల్సింది ప్రేమమణే. చర్చిలో ఆమె చదువరి అని పేరు. మొన్న మట్టల ఆదివారం నాడు పాస్టరుగారు, "అమ్మా, శుక్రవారం నాలుగోది మీదే" అనగానే నోరు దానంతటది "సరేనండి" అనేసింది. మూడు దశాబ్దాలుగా సరేనండి అనడం అలవాటైన నోరు. ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే, ఏ మాట మీద చూపు పెడితే ఆ మాటే లేదు. దాని పక్క మాటలున్నాయి. పై వరుస ఉంది, కింది వరుస ఉంది. కావలసిన మాట దగ్గర మాత్రం చెమ్మ తగిలిన సిరా అలుక్కున్నట్టు. కళ్ళద్దాలు తుడిచింది. పుస్తకం తుడిచింది. కిటికీ తెరిచింది. చివరికి చేసేదేం లేక పాఠం బట్టీ పడదామనుకుంది. కీర్తనలన్నీ అలాగే కదా, నెల పైనుంచీ పుస్తకం తెరిచి పట్టుకుని కంఠస్థంగా పాడేస్తోంది, పక్కన నిలబడ్డవాళ్ళకి ఏ అనుమానమూ రాలేదు. ఒకసారి మాత్రం వేరే పేజీ తీసి ఈ కీర్తన పాడుతుంటే ముందు బెంచీ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఆ పిల్లకేసి భక్తిగా ఒక చూపు చూసింది, అంతే, అటు తిరిగిపోయింది. కానీ పాఠం పాట కాదు. రాగం ఉంటే మాటలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వస్తాయి. వచనంలో ఒక్కటి తప్పిపోతే మిగతావన్నీ ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళచ్చు. వెళ్తే దేవానందంతో చెప్పాలి. ఆయనతో చెబితే ఆయన చర్చిలో చెబుతాడు, ప్రార్థన చేయించడానికి. చర్చిలో చెబితే స్త్రీల సమాజం కార్యదర్శి జ్ఞానమణి అక్క చేతికి వెళ్తుంది. ఆ అక్కకి ఎవరి జబ్బయినా దేవుడికి వివరంగా విన్నవించడం అలవాటు. ఆయనకి తెలియదేమోనని అవయవం పేరు, ఎడమో కుడో, డాక్టరు ఏమన్నాడో, రెండో డాక్టరు ఏమన్నాడో కూడా చెబుతుంది. పోయినేడు యేసుదాసు గారి మూలశంక గురించి ఆవిడ మైకులో చేసిన ప్రార్థన ముగిసేసరికి, పాపం ఆ పెద్దమనిషి కూర్చోనూ లేక, లేచి వెళ్ళనూ లేక, బెంచీ అంచు మీద సగం సగంగా ఉండిపోయాడు. అలా తన కళ్ళు మైకెక్కడం ప్రేమమణి ఊహించుకోలేదు. ఊహించుకోలేదు అనడం కూడా అబద్ధమే, రోజూ ఊహించుకుంటోంది. అయినా అసలు సంగతి అది కాదు. చెబితే నిజమైపోతుంది. చెప్పనంతకాలం అది తనకీ తన కంటికీ మధ్య ఉన్న గొడవ. ఇంట్లో ఇద్దరి మధ్య గొడవ అయితే పక్కింటికి తెలియకుండా ఎన్నేళ్ళయినా నెట్టుకురావచ్చని ఆమెకి అనుభవమే.

ఎడమ కన్ను సంగతి ముందే తెలుసు. దానికి సాక్ష్యం ఇప్పుడు వీపు వెనకే ఉంది, కోటూ దుప్పటీ వేలాడుతున్న పర్దా కడ్డీ. క్రిస్మస్‌కి ముందు కొత్త పర్దాలు కట్టి, వెనక్కి నడిచి, వడ్రంగివాళ్ళు చూసినట్టు ఒక కన్ను మూసి చూసింది. మూసింది కుడి కన్ను. కడ్డీ నడుమ కుంగి ఉంది. "ఏవండీ, కడ్డీ వంగింది, కాస్త సరిచేయండి" అంది. ఆయన స్టూలెక్కి, "ఏడ వంగిందే? సీదగనే ఉంది గద" అన్నాడు. "అక్కడ కాదు, నడుమ. కొంచెం పైకి నొక్కండి. ఇంకొంచెం." ఆయన నొక్కాడు. స్టూలు కిర్రుమంది, ఆయనా కిర్రుమన్నాడు. చివరికి కడ్డీ దారం పట్టినట్టు వచ్చిందని ఆమె మెచ్చుకుని, రెండో కన్ను తెరిచింది. కడ్డీ విల్లులా పైకి లేచి ఉంది. ఆయన స్టూలు దిగి, తనూ వెనక్కి నడిచి చూసి, చాలాసేపు గడ్డం గోక్కుని, "నేనే ఖరాబ్ జేసిన్నట్టున్న" అన్నాడు. ఆమె కాదనలేదు. ఆ తర్వాత ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ ఆ కడ్డీకేసి చూడటం, ఆయన వాళ్ళు అడక్కముందే, "నా పనితనమే అది. రైల్వేల పట్టాల మీద ఎయ్యనియ్యలే, గందుకే ఇంట్ల" అనడం, అందరూ నవ్వడం, ఆమె టీ గ్లాసులు తెచ్చే మిషతో వంటింట్లోకి తప్పుకోవడం. ఆరోజు రాత్రి పళ్ళెం అంచు చూసుకుంది, గడప చూసుకుంది, గళ్ళ దుప్పటి చూసుకుంది. ఎడమ కంటికి లోకంలో తిన్నని గీత ఒక్కటీ మిగల్లేదు. పోనీలే, దేవుడు రెండిచ్చాడు, రెండోది అందుకే అని సర్దుకుంది.

ఇప్పుడు బెంగ ఆ రెండోదాని గురించే. లెంటు, అంటే ఈస్టరు ముందు నలభై ఉపవాస దినాలు, మొదలైనప్పటి నుంచి కుడి కంటి మీద అనుమానం. బియ్యంలో రాళ్ళు. ఆమె ఏరిన బియ్యంలో రాయి ఉండటమనేది ఈ ఇంట్లో ఎన్నడూ జరగలేదు. దేవానందం పంటి కింద టక్కుమంది. రాయి తీసి పళ్ళెం అంచున పెట్టాడు. ఇంకో రోజు ఇంకోటి, అదీ అంచునే. తిని లేచి వెళ్ళిపోయాక పళ్ళెం తీస్తూ చేత్తో తడిమితే తగిలేవి. ఒక మాట అంటే బాగుండేది. ఏందే కండ్లు కనపడ్తలేవా అని విసుక్కుంటే, ఆ విసుగు పట్టుకుని ఏడ్చేసి చెప్పేసేదేమో. ఆయన అననూ లేదు, ఆమె చెప్పనూ లేదు. ఇద్దరూ మంచివాళ్ళే. ఇద్దరూ ఎదుటివాళ్ళని నొప్పించకూడదనుకునేవాళ్ళే. రెండు మంచితనాలు కలిసిన చోట ఇంత చీకటి ఎలా పడుతుందో లెక్క వేయడానికి ఆ గుంటూరు మేడం దగ్గర సూత్రం ఉండే ఉంటుంది.

ఉంది కదా, ఆ సూత్రం కోసమే కదా ఈ అవస్థంతా. బి.యస్సీ రెండో సంవత్సరం. ల్యాబులో సోడియం దీపంతో, బైప్రిజంతో గీతలు చూపించే ఏర్పాటు ఉంది గానీ, మేడం ఒకరోజు అవన్నీ పక్కన పెట్టి, కిటికీలు మూయించి, "ఇది మొదట చేసిన పెద్దమనిషికి ఈ దీపాలేవీ లేవు. ఎండ ఉంది, సూదిబెజ్జం ఉంది, చిన్న అట్టముక్క ఉంది. వెలుగుని కొలిచే యంత్రం ఏదీ లేదు, కన్నే యంత్రం. ఆయన వృత్తికి డాక్టరు, కన్ను ఎలా చూస్తుందో పట్టి పట్టి చదివినవాడు" అంది. ఎవరి దగ్గరైనా పల్చటి గట్టి అట్ట ఉందా అని అడిగింది. రోజూ తెనాలి నుంచి రైల్లో వచ్చే డోరా పర్సులోంచి టికెట్టు తీసి ఇచ్చింది. సీజన్ టికెట్టు అయిపోయి ఆ రోజు రిటర్ను టికెట్టు కొనుక్కుందిట. టికెట్టు అంచు ఒక్క వెలుగునే రెండు పాయలు చేసింది. టికెట్టు వెనక గోడ మీద సన్నగా నిలువు నీడ. నీడంటే చీకటే కదా అనుకుంటాం. దగ్గరికెళ్ళి చూస్తే ఆ నీడలో గీతలు, నల్లవీ తెల్లవీ. రెండు పక్కల నుంచీ వెలుగు అంచులు దాటి నీడలోకి వంగి, లోపల కలుసుకుంటోంది. కొన్నిచోట్ల వెలుగుకి వెలుగు తోడవుతుంది, కొన్నిచోట్ల వెలుగుకి వెలుగు ఎదురై రెండూ చల్లారిపోతాయి. సరిగ్గా నడిమధ్య మాత్రం ఎప్పుడూ తెల్లగీతే. రెండు పాయలూ సమానంగా నడిచి అక్కడికి చేరతాయి కాబట్టి అక్కడ చీకటి పడే ప్రశ్నే లేదు. నీడకి నట్టనడుమ వెలుగు! ప్రేమమణి ఒళ్ళు ఝల్లుమంది. "ఇప్పుడు చూడండి" అని మేడం డోరాని టికెట్టు దగ్గర నిలబెట్టి, ఒక పక్క వెలుగుని అట్టతో మూయమంది. గీతలన్నీ మాయం. మసక వెలుగు ఒకటే సమంగా పరుచుకుంది. తీయమంది, గీతలు వచ్చాయి. "గీత వెలుగుదైతే మూసినప్పుడు పోతుంది. పోకపోతే అది గోడ మీద మరక. చూసేవాళ్ళొకరు, మూసేవాళ్ళొకరు, ఇద్దరు లేనిదే ఈ ప్రయోగం లేదు." సాయంత్రం డోరా టికెట్టు సంగతి మర్చిపోయి అలాగే రైలెక్కింది. తెనాలి గేటు దగ్గర టి.సి. పట్టుకుంటే, "నా టికెట్టు ఫిజిక్స్ ల్యాబులో ఉందండీ, వెలుగుని చీలుస్తోంది" అని చెప్పిందిట. నమ్మలేదు. మర్నాడు వచ్చి, "నువ్వు మాత్రం టి.సి.ని చేసుకోకే, వాళ్ళకి సైన్సు మీద గౌరవం లేదు" అంది. సరిగ్గా రెండేళ్ళకి సికిందరాబాదు నుంచి దేవానందం సంబంధం వచ్చింది. డోరా పెళ్ళికొచ్చి నవ్వీ నవ్వీ దగ్గింది. తర్వాత ఆమె ఎటో, ఈమె ఎటో.

ఇప్పుడు మిషను మీద నిలబడ్డ టికెట్టు ఆ పెళ్ళి ప్రయాణానిదే. గుంటూరు నుంచి సికిందరాబాదుకి. కొత్త పెళ్ళాం పేరు ఇంకా రైల్వే పాసులో ఎక్కలేదు గనక దేవానందం ఆమెకి టికెట్టు కొన్నాడు. ఆ వంశంలో టికెట్టు కొన్నది ఆ ఒక్కసారేనని అత్తగారు పోయేదాకా చెప్పుకునేది. గేటు దగ్గర ఇచ్చేయాల్సినదాన్ని ఆమె ఇవ్వలేదు, గుప్పిట్లో దాచుకుంది. పక్కనే నడుస్తున్న టి.సి. మొగుడు చూసి, చూడనట్టు ఊరుకున్నాడు. అదొక్కటే ఆయన ఆమె కోసం చేసిన చట్టవిరుద్ధమైన పని. ఆమెకి ఇంకా చెల్లుబాటవుతున్నట్టే అనిపిస్తుంది ఆ టికెట్టు. ఎక్కడికో తెలియదు.

"ప్రేమమ్మా! ఓ ప్రేమమ్మా! ఇంట్లనే ఉన్నవా?"

గోడ అవతల నుంచి ఇంటి ఓనరమ్మ శారదమ్మ. కళ్ళు తెరవకుండానే, కిటికీ వైపు మొహం తిప్పి, "ఉన్నానండీ" అంది.

"చర్చికి పోలేదా? ఇయ్యాల మీకు పెద్ద దినం గద."

"తలనొప్పండీ."

"అయ్యో. మరి కిటికీ మీద అద్దమెందుకు పెట్టినవ్? కండ్లల్ల కొడ్తున్నది గాదమ్మా. నాకసలే కంట్ల మోతిబిందు పొర తీసిండ్రు."

"పిచ్చుకలకండీ. అద్దంలో చూసుకుని మురిసిపోతాయి."

"గీ ఎండల పిచ్చుకలెక్కడియి? అవి సుత నీ లెక్కనే తలనొప్పని పండుకున్నయి." శారదమ్మ తన జోకుకి తనే నవ్వుకుని, "డాక్టరు ఏమన్నడో ఎర్కేనా, కండ్లు మంచిగున్నప్పుడే సూసుకోవాలె, తక్లీఫ్ అయినంక ఏడిస్తే ఏమొస్తది అన్నడు. నువ్వు సుత ఒకపారి చూపిచ్చుకో, వయసైతుంది" అంది. చెప్పుల చప్పుడు దూరమైంది. చెప్పేద్దామా అని ఒక్క క్షణం నోటి దాకా వచ్చింది. గోడ అవతల ఉన్న మనిషితో చెప్పడం తేలిక, మొహం కనిపించదు. కానీ శారదమ్మ చెవిన పడ్డది సాయంత్రానికి బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల పక్కన దొరుకుతుంది.

మైకులో ఎవరో పాఠం చదువుతున్నారు. గొంతు జ్ఞానమణి అక్కదే, ఊపిరి తీసుకోకుండా, బస్సు వెళ్ళిపోతుందన్నట్టు. ఆ మూడు గంటలూ దేశమంతా చీకటి కమ్మిందని చదువుతోంది. తను చదివి ఉంటే ఆ చీకటి దగ్గర కొంచెం ఆగేది. అక్కడ ఆగితేనే జనం తలెత్తుతారు. తన మాటలు ఇంకొకరి నోట్లో. ఇక చాలు. సూర్యుడు అద్దం మీదికి వచ్చి ఉంటాడు. ఈ పడమటి కిటికీకి ఎండ మధ్యాహ్నమే వస్తుంది. మధ్యాహ్నాలు దేవానందం డ్యూటీ దిగొచ్చి ఈ గదిలోనే పడుకుంటాడు. ఇల్లు ఖాళీగా, ఎండ నిండుగా దొరికేది ఏడాదికి ఈ ఒక్కరోజు. ఎడమ కంటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కుడి కన్ను తెరిచింది.

వెలుగు వచ్చేసి ఉంది. కోటు కాజాలో నక్షత్రం ఒకటి గుచ్చినట్టుంది. చీర మీద రూపాయి బిళ్ళంత తెల్లటి గుండ్రం, గంజిపెట్టిన నూలు పోగులు కూడా తేలేంత శుభ్రంగా. ఆ గుండ్రాన్ని నిలువునా చీల్చుతూ సన్నగా టికెట్టు నీడ. ఆమె పీట ముందుకి జరిపి, ముక్కు చీరకి తగిలేంత దగ్గరికి వంగింది. గుండ్రం అంచులు కనిపిస్తున్నాయి. నీడ పై కొస కనిపిస్తోంది, కింది కొస కనిపిస్తోంది. నడుమ చూసింది. నడుమ మసి.

వెలుగు బిళ్ళ సరిగ్గా పడలేదేమో. టికెట్టు కాస్త వాలిందేమో. లేచి వెళ్ళి టికెట్టుని నిటారు చేసింది. దుప్పటి ఎత్తి అద్దాన్ని గోరంత జరిపింది. ఎండ ఒక్కసారి మొహాన కొట్టింది, మళ్ళీ కాసేపు కళ్ళు మూసుకుని చీకటి అలవాటు చేసుకోవాల్సి వచ్చింది. మళ్ళీ వంగింది. నడుమ మసి. చూపు కొంచెం ఎడమకి జరిపింది. మసి కూడా ఎడమకి జరిగింది. సూర్యుడు కదిలాడేమో అనుకుంది. కుడికి జరిపింది. ఇటూ వచ్చింది, చీర కొంగు పట్టుకుని తిరిగే చంటిపిల్లలా. సూర్యుడు అటూ ఇటూ నడవడని బి.యస్సీ చదవనివాళ్ళకి కూడా తెలుసు. అయినా, బెజ్జం పెద్దదై ఉండచ్చు. టికెట్టు లావై ఉండచ్చు. ఇన్నేళ్ళు కీర్తనల పుస్తకంలో ఉండి చెమ్మకి ఉబ్బి ఉండచ్చు. గీతలు అసలు పడకపోయి ఉండచ్చు. పడని గీతలు కనపడలేదని కంటిని తిట్టడం న్యాయం కాదు. మూసి చూడాలి. ఒక పక్క మూస్తే పోయే చీకటో, పోని చీకటో. ప్రేమమణి ఒక చెయ్యి టికెట్టు వైపు చాచింది. చెయ్యి చాలలేదు. పీట జరిపి, కాలు కూడా చాచింది, కాలితో అట్ట పట్టుకోవచ్చా అని కూడా చూసింది. చీర దగ్గర కన్ను ఉంటే టికెట్టు దగ్గర చెయ్యి లేదు, టికెట్టు దగ్గర చెయ్యి ఉంటే చీర దగ్గర కన్ను లేదు. ఇద్దరు లేనిదే ఈ ప్రయోగం లేదు. గదిలో ఆ మాట మేడం గొంతుతోనే వినిపించినట్టయింది. ఆమె మళ్ళీ పీట మీద కూర్చుంది. ఉన్న ఒక్క మనిషీ చర్చిలో ఉన్నాడు, ఇంట్లో ఉన్నా అంత దూరంలోనే ఉంటాడు. మెత్తగా మాట్లాడటం ఆయనకి చేతకాక కాదు. ఒకసారి కాచిగూడ ప్యాసింజరులో ఆయన డ్యూటీలో ఉండగా చూసింది. టికెట్టు లేని ముసలాయన ఒకడు చేతి సంచి గుండెకి అదుముకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. దేవానందం అరవలేదు, చెయ్యి చాచి టికెట్టు అడగలేదు. సొంత బాబాయి భుజం మీద వేసినట్టు చెయ్యి వేసి, చెవి దగ్గర, "జెర పక్కకు రా, మాట్లాడుదం" అన్నాడు. పక్కవాళ్ళు చుట్టాలనుకున్నారు. ఆ గొంతు ఇంట్లో ఎన్నడూ వినలేదామె. టికెట్టు ఉన్నవాళ్ళతో ఆ గొంతు అవసరం ఆయనకి రాదు కాబోలు.

తలుపు కిర్రుమంది. కింద కుక్కిన తువ్వాలు అడ్డం పడి ఆగింది.

"మణీ? ఏందే, తలుపుకు ఏం పెట్టినవ్?"

దేవానందం గొంతు. ఆరాధన ఇంకా అవలేదు. మైకులో ఐదో మాట మీద ప్రసంగం నడుస్తూనే ఉంది. ప్రేమమణి చీకట్లో లేచి నిలబడింది. తప్పించుకునే తోవ లేదు, రెండో తలుపు లేదు. "వెలుగు రానివ్వకుండా లోపలికి రండి" అంది. ఆ మాట ఎంత వింతగా ఉందో అన్నాక తెలిసింది. ఆయన ఏమనుకున్నాడో గానీ, పక్కకి తిరిగి, సన్నగా తెరిచిన తలుపులోంచి దూరి, తువ్వాలు మళ్ళీ కాలితో సందులోకి తోశాడు. కదులుతున్న రైల్లో తలుపులు మూసీ మూసీ వచ్చిన నేర్పు.

"గిట్ల చీకట్ల కూసున్నవేంది? తలనొప్పి ఎక్కువైందా? నా కోటెందుకు యాలాడుతుంది గాడ?"

"మీరెందుకొచ్చారు? ఇంకా రెండు మాటలున్నాయిగా."

"జ్ఞానమణక్క సదువుతుంటే వినలేకపోయిన" అన్నాడు. తర్వాత కొంచెం ఆగి, "పాఠం వదిలిపెట్టేదానివి గాదు నువ్వు. ఎంత తలనొప్పున్న" అన్నాడు.

ఆమె పీట దగ్గరికి జరిగింది. "మీ జేబులో ఆరాధన క్రమం కాగితం ఉందా? మడిచి పట్టుకోండి. మిషను దగ్గరికి రండి. జాగ్రత్త, టికెట్టుకి తగలకండి. కుడి పక్క నుంచి వచ్చే వెలుగుని దాంతో మూయాలి. నేను మూయమంటే మూయండి, తీయమంటే తీయండి."

"ఎందుకే?"

"ఫిజిక్స్."

తెనాలి టి.సి. కంటే ఈయన నయం. మారు మాట్లాడకుండా వెళ్ళి నిలబడ్డాడు. ఆమె చీర దగ్గర వంగి, ఎడమ కన్ను మూసుకుంది. "మూయండి."

"మూసిన."

మసి.

"తీయండి."

"తీసిన."

మసి. అదే చోట, అదే ఆకారం. మూసినా, తీసినా.

"మూయండి... తీయండి... మూయండి..." అంటూనే ఉంది. ఆయన మూస్తూ తీస్తూనే ఉన్నాడు, ఎందుకని అడక్కుండా. ఎన్నోసారో ఆమె "తీయండి" అనడం మర్చిపోయింది. ఆయన చెయ్యి అలాగే గాలిలో పట్టుకుని నిలబడ్డాడు. ఆ గుండ్రం చుట్టూ చీర తెల్లగా మెరుస్తోంది. ఈ చీర కట్టుకుని ఇవాళ మైకు ముందు నిలబడి ఉండాల్సింది.

"కనపడ్డదా?" అన్నాడాయన.

కనపడింది అనొచ్చు. నోరు ఆ మాటకి సిద్ధంగానే ఉంది. "చెయ్యి తీసేసి, మీరొచ్చి చూడండి" అంది.

ఇద్దరూ చీకట్లో చోట్లు మారారు. దాటుకునేటప్పుడు ఆయన భుజం తగిలింది, ఎండలో నడిచొచ్చిన వేడి ఇంకా ఉంది. ఆమె టికెట్టు పక్కన నిలబడింది. ఆయన పీట మీద కూలబడి, బల్ల మీద చిల్లర ఏరుకునేవాడిలా వంగాడు.

"నీడలో ఏముందండీ?"

"ఆగు. గీతలున్నయి. సన్నసన్నటియి. ఇటు ఒక నల్లది, అటు ఒక నల్లది. అరె, నీడల గీతలేందే?"

"నడుమ?"

"నడుమ తెల్లది. దారం లెక్క. గదే అన్నిటికంటె ఎక్కువ మెరుస్తున్నది."

"సరిగ్గా చూడండి. నడుమ నల్లగా లేదా? మచ్చలాగా?"

"మచ్చ ఏడికెల్లొస్తదే? ఉతికిన చీరనే గద."

ప్రయోగం బాగానే కుదిరింది. బెజ్జం సరిగ్గా ఉంది, టికెట్టు ఉబ్బలేదు, సూర్యుడు తన పని తాను చేశాడు. మేడం చూస్తే మార్కులు వేసేది. ప్రేమమణి మిషను చక్రం పట్టుకుని నిలబడింది. బీరువా దగ్గర మనిషి కదలడం లేదు. ముప్ఫై ఏళ్ళు మొహాలు చదివిన మనిషి. చీకట్లో మొహం కనపడకపోయినా చదువుతున్నాడని తెలుస్తోంది.

"నీకు కనపడ్తున్నదా మచ్చ?"

"కుడి కంటికండీ" అంది. గొంతు పాఠం చదివేటప్పటి గొంతులా స్పష్టంగా వచ్చింది, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. "ఎడమది ఎప్పుడో పోయింది."

"ఎప్పుడు?"

"క్రిస్మస్‌కి ముందే."

మైకులో ప్రసంగం ఆగి కీర్తన అందుకున్నారు. దేవానందం తల పైకెత్తినట్టున్నాడు, చొక్కా కాలరు రాసుకున్న చప్పుడు. కోటు వేలాడుతున్న వైపు చాలాసేపు చూశాడు.

"మరి... గా పర్దా కడ్డీ?"

"సీదాగానే ఉండేదండీ. మీరు వంచేదాకా."

ఆయన నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. తిడతాడేమోనని కూడా చూసింది. పీట కిర్రుమంది. సూర్యుడు జరిగిపోతున్నాడు, చీర మీది గుండ్రం అంచుకి వెళ్ళి, మడత దాటి, బీరువా పిడి మీద ఒక్కసారి మెరిసి, ఆరిపోయింది. అడుగులు మిషను వైపు వచ్చాయి, దేనికీ తగలకుండా, ఊగే పెట్టెలో నడిచే అడుగులు. చీకట్లో వెతుక్కోకుండానే ఆయన చెయ్యి ఆమె భుజం మీద పడింది. చెవి దగ్గర, గోడ అవతల శారదమ్మకి కాదు కదా, గదిలో మూడో మనిషి ఉంటే వాళ్ళకి కూడా వినపడనంత మెల్లగా అన్నాడు:

"జెర పక్కకు రా, మణీ. మాట్లాడుదం."